ముడి విప్పుతాం, అతుకు ఊడుతుంది

గత వేసవిలో మా అమ్మ పింఛను రెండు నెలలు ఆగిపోయింది. ఆమె ఫోనుకు వచ్చిన సందేశంలో ఒకే ఒక్క వాక్యం ఉంది: ‘మీ ఖాతాకు ఆధార్ అనుసంధానం కానందున చెల్లింపు జరగలేదు.’ అనంతపురం జిల్లాలోని మా ఊరి నుంచి అమ్మ ఆ ఫోను పట్టుకొని కడపలో ఉన్న నా దగ్గరికి వచ్చింది. నేను ఇక్కడి ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను కాబట్టి, తెలుగులో రాసిన వాక్యం నాకు అర్థం కాకపోదని ఆమె నమ్మకం. నేను చదివి అర్థం చెప్పాను. ఆమె అంతా శ్రద్ధగా విని, ‘సరే నాయనా, ఎవురు కలపాల? నేనా, వాళ్ళా?’ అని అడిగింది.

ఆ ప్రశ్నకు జవాబు ఆ వాక్యంలో ఎక్కడా లేదు. కలపవలసింది ఖాతా ఉన్నచోటా, పింఛను ఇచ్చేచోటా, లేక అమ్మే వెళ్ళి వేలిముద్ర వేయాలా అన్నది ఆ మాటను బట్టి ఎవరూ చెప్పలేరు. తరువాతి నెల రోజుల్లో మేము ఒక కార్యాలయానికి మూడుసార్లు, మరో కార్యాలయానికి రెండుసార్లు తిరిగాము. ఒకచోట ‘మా వైపు అంతా అయింది, అక్కడే కాలేదు’ అన్నారు. రెండవచోట అదే మాటను తిప్పి చెప్పారు. బస్సుల్లోనూ బల్లల మీదా కూర్చున్నంతసేపూ ఆ ‘అనుసంధానం’ అనే మాట నన్ను వదలలేదు. దాని పక్కన కలయికను చెప్పే మన పాత మాటలను ఒక్కొక్కటిగా పెట్టి చూస్తూ వచ్చాను. చూసిన కొద్దీ నాకు స్పష్టమైంది ఇది: రెండింటిని కలపడాన్ని చెప్పే తెలుగు మాటల్లో చాలావరకు, కలిపింది ఎవరన్నదీ, కలిసినది విడిపోయేటప్పుడు ఎలా విడిపోతుందన్నదీ తమతోనే మోసుకొస్తాయి. ఈ రెండూ చెప్పని మాటను మనుషుల కూటికీ గుడ్డకూ సంబంధించిన కాగితాల్లో వాడకూడదని నేను వాదిస్తున్నాను.

ముందుగా కర్త సంగతి. తెలుగులో కలిసే క్రియలు జంటలుగా ఉంటాయి. కలియు పక్కన కలుపు, చేరు పక్కన చేర్చు, కూడు పక్కన కూర్చు, తగులు పక్కన తగిలించు, అంటు పక్కన అంటించు. ‘హంద్రి కర్నూలు దగ్గర తుంగభద్రలో కలుస్తుంది’ అంటే ఆ పని నది తనంతట తాను చేసుకొన్నది. ‘పాలలో నీళ్ళు కలిపాడు’ అంటే అక్కడ ఒక మనిషి ఉన్నాడు, అతన్ని పట్టుకొని అడగవచ్చు. అకర్మక, సకర్మక క్రియలంటూ తొమ్మిదో తరగతి పిల్లల చేత మేము రాయించే అభ్యాసం ఇదే. దీని విలువ ఆ కార్యాలయాల వరండాలో కూర్చున్నప్పుడు తెలిసినంతగా నాకు బడిలో ఎప్పుడూ తెలియలేదు. ‘అనుసంధానం కాలేదు’ అనే వాక్యంలో పని అనేది వానలాగా, ఎండలాగా తనంతట తాను కావలసినదిగా కనిపిస్తుంది. అదే చోట ‘కలపలేదు’ అని రాసి ఉంటే, చదివిన ప్రతివారి నోటా ‘ఎవరు?’ అన్న ప్రశ్న వచ్చి తీరుతుంది. మా అమ్మ బడికి పోలేదు; అయినా సందేశంలోని నామవాచకాన్ని ఆమె మనసులోనే సకర్మక క్రియగా మార్చుకొని, దాని కర్త ఎవరని అడిగింది.

ఇక విడిపోవడం సంగతి. ఏ కలయికకు ఏ విడిపోవడమో తెలుగువాళ్ళకు పుట్టుకతోనే తెలుసు. ముడిని విప్పుతాం. అతుకు ఊడుతుంది. తాడు తెగుతుంది. కీలు తొలగుతుంది. పొత్తు చెడుతుంది. జత తప్పుతుంది. పాలు విరుగుతాయి, మనసూ విరుగుతుంది. మడక కట్టిన ఎద్దులను పొద్దెక్కాక విడుస్తారు. వీటిలో ఒకదాని మాట ఇంకొకదానికి పనికిరాదు. పొత్తు ఊడిందని గాని, కీలు చెడిందని గాని మా వైపు ఎవరైనా అంటే, ఎదుటివారు ఆగి మొహం వంక చూస్తారు. ముడిని విప్పుతామన్నప్పుడు, వేసిన చెయ్యే దాన్ని తీయగలదనీ, తీశాక రెండు కొసలూ ఎప్పటిలాగే ఉంటాయనీ అర్థం. అతుకు ఊడిందన్నప్పుడు దాన్ని ఎవరూ ఊడదీయలేదు, వేసినది నిలవలేదు, మళ్ళీ వేయాలి. పొత్తు చెడిందన్నప్పుడు చెడింది వస్తువు కాదు, ఇద్దరి మధ్య నమ్మకం. విరిగిన పాలను మళ్ళీ పాలు చేయలేము. అంటే, కలయికను చెప్పే మాటను ఎంచుకోగానే దానికి ముందు ముందు ఏం జరగవచ్చో, జరిగితే ఏం చేయాలో కూడా చెప్పేసినట్టే.

ఈ తేడాను నేను చేత్తో ముట్టుకొని నేర్చుకొన్నది ధర్మవరంలో, మా పెద్దమ్మ వాళ్ళింటి పక్కన ఉండే ఒక నేతగాని మగ్గం దగ్గర. పట్టుచీరల మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవచ్చినప్పుడు పాత పోగులను అచ్చులోంచి, అంటే పోగులను విడివిడిగా పట్టి ఉంచే దువ్వెనలాంటి పళ్ళచట్రంలోంచి, పూర్తిగా లాగేయరు. కొంత మేర పాత పడుగును అట్లాగే ఉంచి, కొత్త పడుగులోని ఒక్కొక్క పోగు కొసనూ పాత పోగు కొసతో కలుపుతూ పోతారు. చీర వెడల్పంతా వేలాది పోగులు ఉంటాయి. ఆయన పక్కన చిన్న గిన్నెలో బూడిద ఉండేది. బొటనవేలికీ చూపుడువేలికీ కాస్త బూడిద అద్దుకొని, రెండు కొసలనూ పక్కపక్కన పెట్టి ఒక్కసారి నులిమేవారు. అవి ఒకదాని మీద ఒకటి పెనవేసుకొని ఒకే పోగైపోయేవి. నేను ఎనిమిదేళ్ళ వయసులో అది చూసి, ముడి వేస్తే గట్టిగా ఉంటుంది గదా అని అడిగాను. ఆయన పని ఆపకుండానే, ‘ముడేస్తే అచ్చులో తగులుకుంటాది నాయనా, పోగు తెగుతాది. ఇది ముడి కాదు, అతుకు’ అన్నారు. అచ్చు పళ్ళ సందు ఎంత సన్ననిదో, ఆ సందులోంచి పోగు జారాలంటే కలిసినచోటు ఎంత నున్నగా ఉండాలో అప్పుడు చూపించారు. వేలాది పోగులను అట్లా అతికి, కొత్త పడుగును మెల్లగా ముందుకు లాగితే, ఒక్క పోగు కూడా తెగకుండా పాతదాని వెనుక కొత్తది వచ్చేది. పడుగు పేకల్లా కలిసిపోయారని మనుషుల గురించి సులువుగా అంటాము; ఆ పడుగు వెనుక ఒక మనిషి వేళ్ళూ బూడిదా పొద్దంతా పనిచేశాయని నేను మరిచిపోలేను.

అదే అతుకు అనే మాటకు బయటి లోకంలో మర్యాద లేదు. కథలో పొందిక లేకపోతే అతుకుల బొంత అంటారు. రెండు మూడు పార్టీలు చేరి ప్రభుత్వం నడిపితే అతుకుల బొంత అంటారు. ఈ నిందను నేను ఒప్పుకోలేను, ఎందుకంటే మా అవ్వ కుట్టిన అతుకుల బొంత కిందనే నేను పదిహేనేళ్ళు చలికాలం గడిపాను. పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, చిరిగినచోట ఇంకో గుడ్డముక్క పెట్టి, పెద్ద సూదితో అంచు నుంచి లోపలికి చుట్టూ కుట్టుకుంటూ వచ్చేది. తెల్లటి బొంత మీద ఎర్రటి గుడ్డ వేస్తే బాగుండదని మా చిన్నాయన భార్య ఒకసారి అన్నప్పుడు, అవ్వ చెప్పిన మాట నాకు ఇప్పటికీ వినిపిస్తుంది: ‘అతుకు కండ్లకు కనపడాల. కనపడకుంటే యాడ ఊడిందో ఎట్ల తెలుస్తాది?’ నేతగాడు అతుకును కనపడకుండా వేస్తాడు, ఎందుకంటే అది అచ్చులోంచి జారాలి. అవ్వ కనపడేటట్టు వేస్తుంది, ఎందుకంటే దాన్ని మళ్ళీ కుట్టవలసింది ఆమే. ఇద్దరిదీ అతుకే, ఇద్దరిదీ నిజాయితీయే; తాము చేసిన అతుకు ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు.

అన్నింటిలోకీ నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ‘అంటు’. మా సీమలో మామిడితోట పెట్టుకొన్న ఏ రైతుకైనా ఇది మంచి మాట. బనగానపల్లె పేరు మీద దేశమంతటా అమ్ముడుపోయే మామిడిని మేము బేనీషా అంటాము. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. దాని టెంకను నాటితే మొలిచే చెట్టు అదే కాయ కాస్తుందన్న నమ్మకం లేదు. అందువల్ల, మనం తినే ప్రతి బేనీషా పండూ, ఒక పాత చెట్టు కొమ్మను ఇంకో నాటు మొక్కకు అంటు కట్టగా వచ్చినదే. టెంక నుంచి మొలిచిన మొక్క కాండం మీద ఏటవాలుగా కోసి, మంచి చెట్టు నుంచి తెచ్చిన కొమ్మను కూడా అట్లాగే కోసి, రెండు కోతల్లోనూ బెరడు కింద ఉన్న లేత పొరలు ఒకదానికొకటి సరిగ్గా తగిలేటట్టు ఆనించి, గాలి చొరకుండా పట్టీతో బిగించి కడతారు. కొన్ని వారాలకు అతుక్కొంటుంది. పెద్దదైన తరువాత కూడా చెట్టు మొదట్లో ఆ గీత కనిపిస్తూనే ఉంటుంది. కింద వేరు ఒకరిది, పైన కాయ ఒకరిది. దీన్ని విప్పడమూ ఊడదీయడమూ కుదరదు, విడదీయాలంటే నరకాలి.

ఈ మాటే దీపానికి వాడితే వెలుగు: వత్తి అంటుకొంది. కొట్టానికి వాడితే నష్టం: నిప్పంటుకొంది. రోగానికి వాడితే అంటురోగం. తిని వదిలిన గిన్నెలైతే అంట్లు. పుట్టినప్పుడూ చచ్చినప్పుడూ ఇంట్లో పాటించేది అంటు. ఇంతవరకూ ఒక స్పర్శ ఎన్ని దారుల్లో పోగలదో చెబుతున్నట్టే ఉంటుంది. కాని ఇదే మాటకు ‘రాని’ అన్న రెండక్షరాలు చేర్చి, మనుషుల్లో కొందరిని అంటరానివారన్నాము. రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా దాన్ని నిషేధించింది. అయినా నా చిన్నతనంలో మా ఊరి టీ కొట్టులో ఊరి బయటి పేటవాళ్ళ కోసం గ్లాసులు వేరుగా, చూరుకింద మేకులకు తగిలించి ఉండేవి. మా తోటకు ఏటేటా వానల ముందు అంట్లు కట్టడానికి వచ్చే పెద్దాయన ఆ పేట మనిషే. నేను ఆయన్ను ‘అంట్ల తాత’ అని పిలిచేవాణ్ణి. ఆయన చేయి పడితే నూటికి తొంభై మొక్కలు పట్టేవని మా నాయన అందరికీ చెప్పుకొనేవాడు. పొద్దుటి నుంచి చెట్టుకు చెట్టును అంటించిన ఆ చేతులు, మధ్యాహ్నం టీ కొట్టు దగ్గర మేకుకున్న గ్లాసును అందుకొనేవి. తోటలో ఏ గుణాన్ని మెచ్చుకొని కూలి ఇచ్చామో, ఊళ్ళో అదే గుణాన్ని చూసి భయపడ్డాము. ఒకే మాట రెండు చోట్లా ఉండి మన మీద సాక్ష్యం చెబుతూ ఉండగా, మాటలకు అర్థాలు చెప్పే ఉద్యోగంలో ఉన్న నేను దాన్ని పక్కన పెట్టి ముందుకు పోలేను. ఏటా తరగతిలో ‘అంటు’ దగ్గరికి వచ్చినప్పుడు గ్లాసుల సంగతి కూడా చెబుతాను.

బంధం గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే దాని గురించి అందరూ చాలానే చెబుతారు. సంబంధం, అనుబంధం అనేవి ఏ ధాతువు నుంచి వచ్చాయో బందీ, నిర్బంధం, ప్రతిబంధకం కూడా ఆ మూలానికి చెందినవే అని గుర్తుపెట్టుకొంటే చాలు. పెళ్ళి పత్రికల్లో ‘బంధం’ అని బంగారు అక్షరాలతో వేయించేవారు, కట్టు అనేది ఎవరి చేతికి, ఎవరి కాలికి అని కూడా ఆలోచించాలి.

సంధి దగ్గర మాత్రం ఆగాలి. బడిలో మేము చెప్పే తెలుగు సంధిలో ఎదురెదురుగా నిలిచిన రెండచ్చులలో పరమైనది నిలుస్తుంది, పూర్వమైనది పోతుంది. రాముడు, అతడు అన్నవి ‘రాముడతడు’ అయినప్పుడు ‘రాముడు’ చివరి ఉకారం ఎక్కడికి పోయిందని పిల్లలు అడుగుతారు, లోపించిందని చెబుతాము. రాజుల మధ్య జరిగేదానికి కూడా సంధి అనే పేరు పెట్టారు, అక్కడా ఏదో ఒకటి లోపిస్తుంది. 1800లో హైదరాబాదు నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ మధ్య జరిగిన సంధిలో మా సీమ ఆ ఉకారమైంది. నిజాము తన సైనిక రక్షణ ఖర్చు కింద బళ్ళారి, కడప ప్రాంతాలను కంపెనీకి ఇచ్చివేశాడు. మమ్మల్ని ఎవరూ అడగలేదు. ఆ తరువాత నూరేళ్ళకు పైగా మా ప్రాంతం పేరు దత్తమండలాలు, అంటే ఇచ్చివేసిన జిల్లాలు. ఇచ్చినవాడూ పుచ్చుకొన్నవాడూ ఉన్న ఆ పేరులో అక్కడ బతికేవాళ్ళు లేరు. 1928లో నంద్యాలలో జరిగిన సభలో రాయలసీమ అనే పేరు ముందుకు వచ్చింది, మా వాళ్ళు దాన్ని గుండెకు హత్తుకొన్నారు. ఎవరో కలిపినప్పుడు పడిన పేరుకూ, మనం కలిసి పెట్టుకొన్న పేరుకూ ఉన్న దూరం అది.

ఇంకో తొమ్మిదేళ్ళకు, 1937 నవంబరు 16న, మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ‘శ్రీబాగ్’ అనే ఇంట్లో కోస్తా, రాయలసీమ నాయకులు కూర్చొని రాసుకొన్నది శ్రీబాగ్ ఒడంబడిక. రాజధాని, హైకోర్టు రెండింటిలో ఒకటి కోస్తాకు, ఒకటి సీమకు అనీ, ఏది కావాలో ఎంచుకొనే హక్కు సీమదనీ అందులో ఉంది. 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడడం వెనుక ఆ కాగితం ఉంది. మూడేళ్ళకే రాజధాని హైదరాబాదుకు పోయింది. ఒడంబడికకు తెలుగులో ఉన్న విడిపోవడం మాట ‘తప్పడం’. మాట తప్పాడన్నట్టే, ఒడంబడిక తప్పారంటారు. తప్పినవాడు లేకుండా తప్పడం ఉండదు కాబట్టి, ఆ క్రియ వాడిన ప్రతిసారీ ఎవరు అన్నది చెప్పుకోవలసి వస్తుంది. మా ప్రాంతంలో ఇప్పటికీ ఆ ఒడంబడిక మాట ఎత్తగానే జనం గొంతు మారడానికి కారణం ఆ క్రియలోనే ఉందని నేను అనుకొంటాను.

‘ఉమ్మడి’ది ఇంకొక రకం చరిత్ర. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవైయారు అయ్యాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా విడిపోయాయి. ఆ రోజు దాకా అనంతపురాన్ని ఎవరూ ఉమ్మడి అనంతపురం జిల్లా అనలేదు; మరునాటి పత్రికల నుంచి అట్లా అనడం మొదలుపెట్టారు. ఉమ్మడి రాష్ట్రం అన్న మాట కూడా 2014 తరువాతే ఇంతగా నలిగింది. అన్నదమ్ములు వేరుపడ్డాకే ‘మేము ఉమ్మడిగా ఉన్నప్పుడు’ అని చెప్పుకొంటారు. కలిసి ఉన్న కాలంలో ఆ కలయికకు పేరే అక్కరలేదన్నమాట. ఈ మాటలో నాకు ఏ దోషమూ కనిపించదు. అది తన బాధను దాచుకోదు.

నీళ్ళ విషయానికి వస్తే, మాకు కలయిక అంటే మొదట గుర్తొచ్చేవి నదులే. తుంగ, భద్ర అనే రెండు నదులు కర్ణాటకలో శివమొగ్గ దగ్గర కలుస్తాయి. కలిసినచోటి పేరు కూడ్లి. మన కూడలి అనే మాటకు తోబుట్టువు. అక్కడి నుంచి రెండు పేర్లనూ కలిపి మోసుకొంటూ తుంగభద్ర మా కర్నూలుకు వస్తుంది. దిగువన సంగమేశ్వరం గుడి శ్రీశైలం జలాశయం నీళ్ళలో సంవత్సరంలో ఎక్కువ నెలలు మునిగి ఉండి, నీళ్ళు తగ్గినప్పుడు బయటపడుతుంది. కలయికకు కట్టిన గుడి ఆ కలిసిన నీళ్ళ కిందనే ఉంటుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి రెండూ ఒకేసారి పొంగి కర్నూలు పట్టణాన్ని ముంచినప్పుడు, నదులు కలవడం అంటే ఏమిటో ఆ ఊరివాళ్ళు మేడల మీద నిలబడి చూశారు. ఇవన్నీ కలియడాలు. హంద్రీ-నీవా మాత్రం కలపడం. కర్నూలు హంద్రి పేరూ, చిత్తూరు జిల్లాలోని నీవా పేరూ పక్కపక్కన పెట్టి, కృష్ణ నీటిని మల్యాల దగ్గర ఎత్తిపోసి అనంతపురం మీదుగా దక్షిణానికి తీసుకుపోయే పని అది. ప్రభుత్వ పత్రాల్లో ఇట్లాంటి పనులకు నదుల అనుసంధానం అని పేరు. మా ఊళ్ళో రైతులు ఆ మాట వాడరు. ‘నీళ్ళు తెచ్చినారు’ అంటారు, లేదా ‘నీళ్ళు ఇడ్సలేదు’ అంటారు. రెండింటిలోనూ తెచ్చినవాడూ విడవనివాడూ ఉన్నారు. కాలువకు నీళ్ళు ఎందుకు రాలేదని అడగడానికి ఏ తలుపు తట్టాలో ఆ క్రియలే చెబుతాయి.

కలపడానికి తెలుగుకు సొంతమైన ఇంకో పద్ధతి ఉంది, దాన్ని మనం చేజేతులా పోగొట్టుకొంటున్నాము. ‘నువ్వూ నేనూ’ అన్నప్పుడు రెండింటి మధ్య ఏ మాటా లేదు. నువ్వు కాస్త సాగింది, నేను కాస్త సాగింది. ఇద్దరూ చివర చేయి చాచి ఒకరినొకరు అందుకొన్నట్టు. అమ్మా నాన్నా, ఎండా వానా, కర్నూలూ కడపా. ఇప్పుడు ప్రతి కరపత్రంలోనూ ప్రతి పాఠశాల నోటీసులోనూ ‘తల్లిదండ్రులు మరియు ఉపాధ్యాయులు’ అని ఉంటుంది. ‘మఱియు’ పాత పుస్తకాల్లో ఉన్నదే, కాని అక్కడ దానికి ‘అంతేకాక, ఇంకా’ అని అర్థం. ఒక విషయం ముగించి ఇంకో విషయం ఎత్తుకొనేటప్పుడు వచ్చేది. దాన్ని తెచ్చి రెండు మాటల మధ్య మేకులా కొడితే, ఆ రెండు మాటలూ ఒకదానివైపు ఒకటి జరగనక్కరలేకుండా పోతుంది. కలిపే బరువంతా మూడోవాడి మీద పడుతుంది. నేను పిల్లల వ్యాసాల్లో ‘మరియు’ కనిపించినచోటల్లా ఎర్ర సిరాతో కొట్టేసి, అటూ ఇటూ దీర్ఘాలు పెడతాను. ఇరవైరెండేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, చేయగలిగినన్నాళ్ళూ చేస్తాను.

కొత్త మాటలు రాకుండా ఆపడమా మీ ఉద్దేశం అని నా తోటి ఉపాధ్యాయుడొకరు అడిగారు. కానేకాదు. కరెంటు కనెక్షన్ అంటే నాకు ఏ అభ్యంతరమూ లేదు. దానికి కట్ అవడమనే విడిపోవడం ఉంది, లైన్‌మన్ అనే కర్త ఉన్నాడు. వెల్డింగ్ అన్నా అంతే. వెల్డింగ్ వదిలిందంటే గేటును ఏ షాపుకు తీసుకుపోవాలో అందరికీ తెలుసు. మాట ఎక్కడి నుంచి వచ్చిందన్నది నాకు ముఖ్యం కాదు. ‘ఆ పాటకు కనెక్ట్ అయ్యాను, ఆ మనిషితో కనెక్ట్ అయ్యాను, బ్యాంకుతో కనెక్ట్ అయింది’ అని మనసుకూ మనిషికీ యంత్రానికీ ఒకే మాట వేసినప్పుడు, వాటి మధ్య ఉన్న తేడా పోయి, తేడా పోవడంతో బాధ్యత కూడా పోతుంది. పాట మనసుకు హత్తుకొంటుంది, మనిషితో పొత్తు కుదురుతుంది, ఖాతాకు సంఖ్యను ఎవరో ఒకరు చేరుస్తారు. అచ్చంగా సంస్కృతంలో ఉన్న ‘అనుసంధానం’ కూడా ఈ లెక్కన ‘కనెక్ట్’ పక్కన నిలబడవలసిందే. దానికి తెలుగులో విడిపోవడం మాట లేదు. అనుసంధానం విప్పుకోదు, ఊడదు, తెగదు, చెడదు, తప్పదు. కాకపోవడం ఒక్కటే దానికి తెలిసినది.

కడపలో ఉంటూ ‘వరస కలపడం’ గురించి చెప్పకుండా ఉండలేను. గడప అనే మాటే ఈ ఊరి పేరైందంటారు, తిరుమలకు పోయే దారిలో ఇది మొదటి గడప కాబట్టి. ఉగాది నాడు దేవుని కడప గుడికి ముస్లిములు కూడా కొబ్బరికాయలు తీసుకొని వస్తారు. వేంకటేశ్వరస్వామికి బీబీ నాంచారమ్మ భార్య గనుక, స్వామి తమ ఇంటి అల్లుడని వాళ్ళు చెబుతారు. ఎంత పెద్ద దూరాన్ని ఎంత చిన్న మాట దాటించిందో చూడండి. వరస కలపాలంటే ఒకరు ముందుగా నోరు తెరిచి మామా అనో, అన్నా అనో, అల్లుడా అనో పిలవాలి, రెండోవారు పలకాలి. పిలిచినవారు లేని వరస లేదు. అది తప్పినా, వరస తప్పినవారెవరో ఊరందరికీ తెలుస్తుంది.

అమ్మ పింఛను సంగతి మూడోసారి వెళ్ళినప్పుడు తేలింది. అప్పటిదాకా మాకు కనిపించని ఒక చిన్నపిల్ల, ఉద్యోగంలో కొత్తగా చేరినట్టుంది, తెరను మా వైపు తిప్పి చూపించి, ‘ఇది మేమే కలపాలమ్మా. మీరు వేలు పెట్టండి చాలు, నేను కలుపుతాను’ అంది. ఐదు నిమిషాలు పట్టలేదు. అమ్మ వేలు తుడుచుకొని, చీర కొంగు సర్దుకొని, లేవబోతూ ఆగి అడిగింది: ‘మళ్ళా ఊడిపోతే యాడికి రావాల పాపా?’

‘నా దగ్గరికే రామ్మా’ అని ఆ పిల్ల ఖాతా పుస్తకం వెనుక అట్ట మీద తాను కూర్చొనే బల్ల సంఖ్య రాసి ఇచ్చింది.